వెనక సీటు మీద దిండు

జూన్ 9

చంటీ,

నువ్వు వీధి మలుపు తిరిగాక కూడా బండి చప్పుడు వినిపిస్తూనే ఉందని చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాను. తీరా చూస్తే అది కింద లాండ్రీలో మెషీను చప్పుడు. నవ్వుకో. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆడదానివై ఉండి సిటీ బస్సు నడిపి నడిపి రిటైరయ్యావు, ఇక కాళ్ళు చాపుకుని కూర్చుంటావనుకున్నాను. అరవై దగ్గర పడ్డాక మోటారుసైకిలు కొని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో గుంపు కట్టి, వానల్లో కొండలెక్కుతావని కల్లో కూడా అనుకోలేదు. వానల్లోనే ఎందుకు వెళ్ళాలని మీ కెప్టెన్ని అడిగితే, మిగతా ఏడాదంతా ఆ కనుమ దారి మంచు కింద ఉంటుందన్నాడు. కెప్టెనంటే సైన్యంలో చేశాడనుకున్నాను. బేకరీ అట. రొట్టెలు కాల్చే ఆయన వెనకాల ఇన్ని బళ్ళు వెళ్తున్నాయి, దారి ఆయనకి తెలుసో లేదో ఎవరైనా అడిగారా?

నేను కుట్టిన రెయిన్‌కోటు సంచీ అడుగున పెట్టి ఉంటావు, పైకి తీసి పెట్టుకో. పరదాల కొట్లో పని మానేసినప్పుడు తెచ్చుకున్న టార్పాలిన్ గుడ్డ అది. చినుకు లోపలికి రాదు. చంకల్లో రెండేసి వరసలు కుట్టాను. నారింజ రంగు ఏం బాగుంటుంది, రోడ్డు పనుల దగ్గర పెట్టే డబ్బాలా ఉంటాను అన్నావు. ఉండు. కొండల మీద నిన్నెవరు చూడొచ్చారు.

వెనక సీటు మీద కట్టిన దిండు మాత్రం విప్పేసి వెళ్ళాల్సింది. 'నువ్వెప్పుడు కూర్చుంటానంటే అప్పుడే అక్కా' అని బండి కొన్న రోజే కట్టావు. నేనెక్కనని ఎన్నిసార్లు చెప్పాను? నాకు బస్సులోనే కళ్ళు తిరుగుతాయి, అందులోనూ నువ్వు నడిపే బస్సులో. ఖాళీ సీటు మీద దిండు చూస్తే, దారిలో ఎవరో జారి పడిపోయారనుకుంటారు జనం.

ఫోనులో నాకు మాటలన్నీ కలగాపులగంగా వినపడతాయి. పైగా ఆ కొండల్లో సిగ్నలు ఉండదన్నావు. కాబట్టి అనుకున్న మాట అనుకున్నట్టే. మీరు ఆగే ప్రతి లాడ్జికీ నీకంటే ముందు నా ఉత్తరం చేరుతుంది. ఉత్తరం ఉందంటే నేను బాగున్నట్టు. నువ్వు తిరిగి రాశావంటే నువ్వు బాగున్నట్టు.

గ్యాసు కట్టేశానో లేదో ఇప్పుడే చూసొచ్చాను. కట్టే ఉంది. పోస్టు డబ్బా దాకా వెళ్ళొచ్చి మళ్ళీ చూస్తాను.

నీ అక్క

జూన్ 14

అక్కా,

అన్నట్టే మొదటి లాడ్జిలో నీ ఉత్తరం నాకంటే ముందొచ్చి కౌంటరు మీద కూర్చుంది. గ్యాసు సంగతి అందరికీ చదివి వినిపించాను. అప్పటి నుంచి కెప్టెన్ రోజూ పొద్దున్నే బండి తీసే ముందు, మీ అక్కగారి గ్యాసు ఎలా ఉందని అడుగుతున్నాడు. దారి ఆయనకి బాగా తెలుసు, భయపడకు. పన్నెండోసారి వస్తున్నాడట.

ఇక్కడి వాన మన వీధిలో వానలాంటిది కాదు. పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. లోయ పక్కన అయితే కింది నుంచి పైకి వస్తుంది. హెల్మెట్ అద్దానికి లోపలా నీళ్ళే, బయటా నీళ్ళే. సాయంత్రం చేతి తొడుగులు విప్పి పిండితే కుళాయి తిప్పినట్టు కారాయి. నడుము పట్టేసింది. అయినా ఇంత హాయిగా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో.

మా గుంపుకి ఒక పద్ధతి ఉంది, నీకు నచ్చుతుంది. ముందు వెళ్ళేవాళ్ళని అందుకోవాలని ఎవరూ పరిగెత్తకూడదు. ఎవరికి వాళ్ళు తమ వెనక బండిని అద్దంలో చూసుకుంటూ ఉండాలి. అది కనపడకపోతే ఆగాలి. కాసేపు చూసి, రాకపోతే వెనక్కి తిరిగి వెళ్ళాలి. నేను ఆగితే నా ముందు అతని అద్దంలో నేనుండను, అతనూ ఆగుతాడు. అలా ఒకరి తర్వాత ఒకరు, చివరికి కెప్టెన్ కూడా ఆగిపోతాడు. కేకలక్కర్లేదు, హారనక్కర్లేదు.

నా వెనక, అందరికంటే చివర, పళ్ళ డాక్టరమ్మ. నాకంటే కొంచెం పెద్దది. ఆస్పత్రి మూసేసి రిటైరైంది. భలే నవ్విస్తుంది, తనూ నవ్వుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా అద్దంలో ఆవిడే. నిన్న టీ కొట్టు దగ్గర నన్నొక్కదాన్నే పక్కకి పిలిచి ఒక మాట అడిగింది. ఎవరితోనూ అనొద్దంది. సరేనన్నాను. ఇంటికొచ్చాక నీకు చెబుతాను.

నీ చంటి

జూన్ 19

చంటికి,

పళ్ళ డాక్టరమ్మ బాగున్నందుకు సంతోషం. నీ ఉత్తరంలో నేనెక్కడున్నానో అని వెతికాను. పైన 'అక్కా' అని ఉంది. మధ్యలో నా గ్యాసు ఉంది. మిగతాదంతా మీ గుంపు, మీ వాన, మీ డాక్టరమ్మ.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అద్దంలో ఆవిణ్ణే చూస్తున్నావా? ఇక్కడ వంటగదిలోంచి నేను పిలిస్తే పక్క గదిలో ఉండి నాలుగో పిలుపుకి 'ఊఁ' అంటావు. మెడ తిప్పవు. నా మొహానికి కూడా ఒక అద్దం బిగించుకోవాల్సింది.

బండి అద్దంలో వెనక మనిషి మొహం కనపడుతుందా అని లాండ్రీ ఆయన్ని అడిగాను. హెల్మెట్ ఉంటే మొహమేం కనపడుతుందమ్మా, లైటు కనపడుతుందన్నాడు. మరి ఆవిడ నవ్వడం నీకెలా కనపడిందో. నా పళ్ళు పీకినాయన కూడా నవ్వుతూనే పీకాడు. ఆ నవ్వు సంగతి నాకు తెలుసు.

ఆవిడ ఏం అడిగిందో నేను ఊహించలేననుకున్నావా? ఆస్పత్రి మూసేసింది. పెద్ద ఇల్లుండి ఉంటుంది, మనిషి తోడుండదు. వచ్చి నాతో ఉండిపో, ఇద్దరం బళ్ళేసుకుని తిరుగుదాం అని ఉంటుంది. నువ్వు సరేనన్నావు. ఇంటికొచ్చాక చెబుతావా? అంటే నీ బట్టలు సర్దుకుంటూ చెబుతావన్నమాట.

నీకు ఆ ఇంట్లో గది ఇస్తుందేమో. ఇక్కడ మనకున్నవి రెండు గదులే. కింద ఇస్త్రీల వేడికి నేల వెచ్చగా ఉండే మూల మాత్రం నీ మంచానికే వదిలాను. నా మోకాళ్ళకి ఆ వేడి హాయిగా ఉంటుందని తెలిసి కూడా వదిలాను. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఊరికే రాశాను.

కోటు వేసుకుంటున్నావా? ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు.

అక్క

జూన్ 24

అక్కా,

రెండో లాడ్జిలో నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను, ఆ తర్వాత కొంచెం కోపం కూడా వచ్చింది. ఆవిడ ఇల్లూ అడగలేదు, తోడూ అడగలేదు. అడిగిందేమిటో రాయలేను, మాటిచ్చాను. నీ ఊహలు నువ్వే కుట్టుకుని నువ్వే తొడుక్కోకు.

ముందు కొండచరియ విరిగి దారికి అడ్డంగా పడింది. తీసేదాకా వారం రోజులు ఇక్కడే. మొన్న వడగళ్ళు పడ్డాయి. హెల్మెట్ మీద ఎవరో గుప్పెళ్ళతో గులకరాళ్ళు విసిరినట్టుంది. కెప్టెన్ బురదలో జారి బండితో సహా కూర్చుండిపోయాడు. లేచి, పిండి బాగా పులిసింది అన్నాడు. ఎవరికీ ఏం కాలేదు.

నీ కోటు డాక్టరమ్మకి ఇచ్చాను. ఆగు, పూర్తిగా చదువు. ఆవిడది బూడిద రంగు కోటు. ఈ మబ్బులో రోడ్డూ బూడిదే, కొండా బూడిదే. రెండుసార్లు ఆవిడ నా అద్దంలోంచి మాయమైపోయింది. పైగా చివరి బండి ఆవిడదే. వెనక వచ్చే లారీలకి ముందు కనపడాల్సింది ఆవిడే. నీ కోటు తొడిగాక ఎంత దూరాన ఉన్నా కనపడుతోంది. ఆవిడ కోటు నేను వేసుకున్నాను. చంకల్లో కొంచెం నీళ్ళు దిగుతున్నాయి, పర్వాలేదు. నీ కుట్టు చూసి ఆవిడ, ఇంత సన్నటి కుట్టు నేను నోళ్ళలో కూడా వేయలేదు అంది.

రాళ్ళు చల్లగా ఉంటున్నాయని టీ తాగేటప్పుడు నీ దిండు కూడా తీసుకుంటోంది. తాగాక తనే కట్టేస్తుంది.

ఇక మిగిలినవి రెండు మజిలీలు. వంతెన దగ్గర లాడ్జి, కనుమ కింద ఆఖరి లాడ్జి. రెండు చోట్లా నీ తిట్లు నాకోసం ఎదురుచూస్తూ ఉంటాయి కదా.

చంటి

జూన్ 28

చంటికి, వంతెన దగ్గర లాడ్జికి.

నా కోటు. నా దిండు.

ఎవరి చంకల కోసం రెండేసి వరసలు కుట్టాను? నీకు చిన్నప్పటి నుంచీ తడిస్తే చాలు ముందు అక్కడే చలి పడుతుంది, తర్వాత దగ్గు పట్టుకుంటుంది. ఆ సంగతి ఈ భూమ్మీద తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు నువ్వు తడుస్తున్నావు, ఆవిడ పొడిగా ఉంది. పొడిగా కూర్చుని నా కుట్టు బాగుందంటోంది. నా దిండు మీద కూర్చుని అంటోంది.

ఆ దిండు మీద నేనెక్కననే అన్నాను. ఇంకొకళ్ళని ఎక్కించమని అనలేదు.

ఆఖరి లాడ్జికి నేను రాయడం లేదు. ఈసారికి డాక్టరమ్మే రాస్తుందిలే. ఆవిడకి పోస్టు ఖర్చు కూడా లేదు, వెనకే ఉంటుంది.

నేను బాగానే ఉన్నాను. ఎవరూ అడగలేదు గానీ.

అక్క

జూలై 3

అక్కా,

ఉత్తరం లేదు.

వాగు పొంగుతోందని వంతెన దగ్గర మమ్మల్ని ఆగనివ్వలేదు, తిన్నగా ఇక్కడికి పంపేశారు. అక్కడ ఆగకపోయినా కనుమ కింద ఈ ఆఖరి లాడ్జిలో నీ ఉత్తరం ఉంటుందనుకున్నాను. లాడ్జి అతను సొరుగు మొత్తం నా ముందే బోర్లించి చూపించాడు. టపా బస్సు నిన్న కూడా వచ్చిందట. అందరి ఉత్తరాలూ ఉన్నాయి. గాలికి టెలిఫోను తీగ తెగింది.

నువ్వు మాట తప్పే మనిషివి కాదు. జ్వరంలో కూడా రాస్తావు. ఉత్తరం ఉంటే బాగున్నట్టు అన్నావు. లేకపోతే ఏమిటో మనం అనుకోలేదు.

రేపు తెల్లవారి అందరూ కనుమ ఎక్కుతున్నారు. నేను వెనక్కి వస్తున్నాను. ఈ కాగితం కిందికి వెళ్ళే లారీ డ్రైవరుకి ఇస్తున్నాను. నువ్వు ఎలా ఉన్నా సరే, నేను వచ్చేదాకా అలాగే ఉండు.

చంటి

జూలై 5

అక్కా,

వంతెన దగ్గర లాడ్జి నుంచి రాస్తున్నాను. నీటి జోరు తగ్గింది, ఈసారి ఆగనిచ్చారు. నీ ఉత్తరం ఇక్కడ ఉంది. చదివాను. నమ్మకం చాలక లాండ్రీకి ఫోను చేశాను. నువ్వు కిటికీలోంచి కూరగాయల బండి అతనితో గొడవపడుతున్నావనీ, గొంతు అంత దూరం నుంచి కూడా బాగానే వినపడుతోందనీ చెప్పాడు. ఫోను పెట్టేసి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషమో కోపమో నాకే తెలియలేదు.

ఏం జరిగిందో విను. కెప్టెన్‌కి సంగతి చెప్పి, మీరు పైకి వెళ్ళండి, నేనొక్కదాన్నే దిగిపోతానన్నాను. రెండు మలుపులు దిగి అద్దంలో చూస్తే నీ నారింజ కోటు. దాని వెనక మిగతా బళ్ళన్నీ వరసగా. ఆగి అరిచాను, మీరెందుకు వచ్చారని. కెప్టెన్ హెల్మెట్ తీసి అన్నాడు:

"మీ వెనక మనిషి కనపడలేదన్నారు కదమ్మా. పద్ధతి పద్ధతే."

ఏడాదంతా ఎదురుచూసిన కనుమకి వీపు తిప్పి, నీకోసం దిగారు. నువ్వెవరో వాళ్ళకి తెలియదు. నీ గ్యాసు ఒక్కటే తెలుసు.

దిగేటప్పుడు మబ్బు కమ్మింది. ఒక మలుపులో డాక్టరమ్మకి రోడ్డు అంచు కనపడలేదు. బండి కాలవలోకి దిగిపోయింది. మోచేయి వాచింది, ఇంకేం కాలేదు. నీ కోటు చిరగలేదు. కానీ అందరికీ కనపడిన ఆ మలుపు ఆవిడకి ఎందుకు కనపడలేదని కెప్టెన్ అడిగాడు. ఆవిడ దాచలేకపోయింది.

ఆవిడ నన్ను అడిగింది అదే అక్కా. ఆవిడకి చూపు రెండు పక్కల నుంచీ మూసుకుపోతోంది. ఆస్పత్రి మూసింది అందుకే. వచ్చే ఏడాదికి బండి నడపలేదు. ఈ ఒక్కసారి కనుమ దాకా నా ముందుండు, నీ వెనక లైటు చూసుకుంటూ వచ్చేస్తాను, ఎవరికీ చెప్పకు అంది. నేను ఒప్పుకోవడం తప్పే. కెప్టెన్ నన్ను తిట్టిన తిట్లు నీకంటే తక్కువేం కాదు. ఆవిడ అడిగింది నా వెనక ఎర్ర లైటు. ఇల్లు కాదు, నన్ను కాదు.

ఆవిడ బండి తాళం కెప్టెన్ తీసేసుకున్నాడు. ఇక మా సామాన్లు మోసుకుని ముందే వెళ్ళే వ్యాన్‌లో కూర్చోవాలన్నాడు. ఆవిడ కోట్లో చేతులు పెట్టుకుని తల ఊపింది. తర్వాత నా దగ్గరికొచ్చి, మీ అక్క బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. 'అమ్మయ్య' అంది. నీ సంగతి తెలిశాక ఎవరూ అనని మాట అది, నాతో సహా.

మళ్ళీ ఎక్కాలా, ఇళ్ళకి పోవాలా అని నన్ను తేల్చమంటున్నారు. నీ జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉంటాం. నాకైతే మనసు విరిగిపోయింది. ఈసారైనా ఉత్తరం వెయ్యి.

చంటి

జూలై 9

అమ్మా చంటీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. లారీ అతను ఇచ్చింది ముందు చదివాను. 'అలాగే ఉండు' అన్న చోట ఆగిపోయాను. రెండోది మెట్ల మీద కూర్చుని చదివాను. లాండ్రీ ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఎవరికైనా ఏమైనా అయిందా అన్నాడు. నాకే అయిందన్నాను.

నేను అలిగితే నువ్వు నవ్వుతావనుకున్నాను. రెండు రోజులు ఆగి నువ్వే ముందు బతిమాలుతూ రాస్తావనుకున్నాను. ఇంట్లో అయితే అలాగే జరిగేది. నా అలక కొండల దాకా పోయి ఇంతమంది బళ్ళు తిప్పేస్తుందని నాకేం తెలుసు? నాకోసం ఎవరైనా ఆగుతారని కూడా తెలియదు. వీధి దాటడానికి చెయ్యెత్తితే రిక్షా కూడా ఆగదు.

సరే. ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి.

ఇంటికి రావద్దు. పైకి వెళ్ళు. డాక్టరమ్మని వ్యాన్‌లో కూర్చోబెట్టకు. వ్యాన్‌లోంచి ఏం తెలుస్తుంది, గాలి కూడా తగలదు. దిండుంది కదా. దాని మీద కూర్చోబెట్టుకుని కనుమ ఎక్కించు. అంత బరువుకి తాడు వదులవుతుందేమో, విప్పి మళ్ళీ గట్టిగా కట్టు. ఆవిడ కోటు ఆవిణ్ణే వేసుకోమను, అదే, నా కోటు. నీ చంకల్లోకి నీళ్ళు దిగకుండా లోపల ఒక ప్లాస్టిక్ సంచీ కత్తిరించి పెట్టుకో.

ఇలా రాశానని నా కడుపులో మంట చల్లారిందనుకోకు. ఇన్నాళ్ళూ అద్దంలో ఉన్న మనిషి ఇప్పుడు నీ నడుము పట్టుకుని కూర్చుంటుంది. ఈ ముక్క రాసి పెన్ను కింద పెట్టాను. ఒకసారి వంటగదిలోకి వెళ్ళొచ్చి మళ్ళీ తీశాను. అయినా సరే, కూర్చోబెట్టుకో. ఆవిడ 'అమ్మయ్య' అంది చూడు, అందుకు.

ఆఖరి లాడ్జికి కూడా ఈ రోజే ఉత్తరం వేస్తున్నాను. అందులో ఏమీ ఉండదు, గ్యాసు కట్టే ఉందని ఉంటుంది. చూసుకో. నీ వెనకే ఉన్నాను, కనపడుతున్నాను. నువ్వు ముందుకి చూసి నడుపు.

కూరగాయల అతనితో గొడవ నిజమే. వంకాయలు పుచ్చులు.

అక్క

జూలై 16

అక్కా,

ఎక్కాం.

ఆఖరి లాడ్జిలో కౌంటరు మీద నీ ఉత్తరం చూసి కెప్టెన్ అందరికంటే ముందు తీసుకున్నాడు. 'గ్యాసు కట్టే ఉంది' అని గట్టిగా చదివి, బళ్ళు తీయండి అన్నాడు.

పైకి వెళ్ళేకొద్దీ వాన మంచయింది. గేరు మార్చాలంటే కాలికి స్పర్శ లేదు. డాక్టరమ్మ నా వీపుకి తల ఆనించి, మలుపు వచ్చిన ప్రతిసారీ ఎటువైపో నాకంటే ముందే చెప్పింది. ఎలా తెలుస్తోందంటే, నీ భుజం చెబుతోంది అంది.

అంత కష్టపడి కనుమ మీద నిలబడితే ఏమీ కనపడలేదు. కొండ లేదు, లోయ లేదు. ఒట్టి తెల్లటి మబ్బు. వెనక నుంచి ఆవిడ, ఏం కనపడుతోంది అని అడిగింది.

"ఏమీ కనపడట్లేదు."

"నా మనసు కోసం చెప్పకు."

"ఒట్టు. నా బండి ముందు చక్రమే నాకు కనపడట్లేదు."

ఆవిడ చాలాసేపు నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "అయితే ఈ పూట అందరం సమానమే" అంది. కెప్టెన్ రొట్టె తుంచి అందరికీ పెట్టాడు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు వెతుక్కుంటూ తిన్నాం.

కిందికి వచ్చాక ఆవిడ దిండు విప్పి నా చేతిలో పెట్టింది. ఈ సీటు ఎవరిదో వాళ్ళకి చెప్పు, జాగ్రత్తగానే వాడుకున్నానని, అంది. కోటు కూడా మడిచి ఇవ్వబోయింది. నిన్ను అడిగి చెబుతానన్నాను.

దిండు నీళ్ళు తాగి రాయిలా ఉంది. ఇంటి దారి పట్టాం.

నీ చంటి

జూలై 20

చంటీ,

ఇది నీకు తిరుగు దారిలో మొదటి లాడ్జిలో అందుతుంది. ఇక రెండు రోజుల దూరమే కాబట్టి ఎక్కువ రాయను.

కోటు ఆవిణ్ణే ఉంచుకోమను. కన్ను సరిగ్గా కనపడని మనిషి వీధిలో నడిచేటప్పుడైనా నలుగురికీ కనపడాలి. ఒకసారి ఇంటికి తీసుకురా. టీ ఇస్తాను. నవ్వితే ఎలా ఉంటుందో నేనూ చూస్తాను.

నిన్నటి నుంచి కుట్టుమిషను ముందే ఉన్నాను. ఆ టార్పాలిన్ గుడ్డ పెట్టె అడుగున ఇంకా మిగిలింది, సరిగ్గా ఒక కోటుకి వస్తుంది. నీక్కాదు. నీకు బూడిద రంగుది ఉందిగా. లాండ్రీ ఆయన వచ్చి, ఈసారి ఎవరికమ్మా అన్నాడు. నాకేనన్నాను. బయట ఎండ కాస్తోంది కదా, కోటెందుకన్నాడు. వాన లేకపోయినా వేసుకుంటానన్నాను.

వీధి చివరి దాకా. అక్కడి నుంచి వెనక్కి. నెమ్మదిగా నడుపుతానని ముందే మాటివ్వు, గుంత వస్తే ముందే చెప్పు. నేను కళ్ళు మూసుకునే కూర్చుంటాను.

దిండు బాగా ఎండబెట్టి తీసుకురా. ఆవిడ వచ్చిన రోజు కుర్చీ వేస్తాను. ఆ దిండు మాత్రం ఇవ్వను.

నీ అక్క